మేస్త్రీగారి జవాబులు: ఎంప్టీ తెచ్చారా?

ఎన్నికల కోడ్ ఎత్తేసి, స్టేషన్లలో డిపాజిట్ చేసిన లైసెన్స్ తుపాకులు ఇళ్ళకి తిరిగొచ్చిన ప్రతిసారీ నాకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వాటిలో సగానికి పైగా ఎజెక్టర్ గురించే, అంటే కాల్చిన తూటాని తుపాకీలోంచి బయటికి విసిరే ముక్క గురించే. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో 28 ఏళ్ళు ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, చేశాను. రిటైరయ్యాక హైదరాబాద్‌లో లైసెన్సున్న ఒక రిపేరు షాపులో వారానికి నాలుగు రోజులు కూర్చుంటున్నాను. తుపాకీ బల్ల మీద పెట్టి "ఎజెక్టర్ పోయింది" అనేవాళ్ళందరినీ నేను మొదట అడిగేది ఒకటే మాట. ఎంప్టీ తెచ్చారా? కాల్చిన ఖాళీ తూటాని మేం ఎంప్టీ అనే అంటాం. అది చెప్పినంత నిజం తుపాకీ యజమాని కూడా చెప్పడు.

ప్రశ్న: మేస్త్రీగారూ, నాన్నగారు పోయాక నా పేరు మీదకి మారిన ఇంగ్లీషు డబుల్ బ్యారెల్, గొట్టం సైజు ట్వెల్వ్ బోర్. కుడి గొట్టంలో ఎంప్టీ రెండు మూడు గజాల దూరం ఎగిరి పడుతుంది. ఎడమది అర అంగుళం పైకొచ్చి ఆగిపోతోంది, గోళ్ళతో పీకాల్సి వస్తోంది. ఎన్నికలప్పుడు మూడు నెలలు స్టేషన్లో ఉంది. అంతకుముందు బాగానే ఉండేది. తూటా డబ్బా మీద 70 అని ఉంది. మా ఊరి లేత్ మిషన్ అతను ఎజెక్టర్‌ని కొంచెం అరగదీస్తే సరిపోతుందంటున్నాడు. చేయించమంటారా? — ఒక రిటైర్డ్ టీచర్, సిద్దిపేట జిల్లా

మాస్టారూ, ముందు ఆ లేత్ అతనికి ఒక దండం పెట్టి తుపాకీ ఇంటికి తెచ్చేసుకోండి. బిజినెస్‌గా తుపాకులు రిపేరు చెయ్యాలంటే ఆయుధాల చట్టం, 1959 ప్రకారం విడిగా లైసెన్స్ ఉండాలి. అది అతని బాధ. మీ బాధ ఏమిటంటే, అరగదీసిన లోహం మళ్ళీ మొలవదు. నాలుగేళ్ళ కిందట ఇలాగే ఆకురాయి పడిన తుపాకీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఎజెక్టర్ కొన పలచబడి తూటా అంచు దాన్ని దాటి జారిపోతోంది. ఎజెక్టర్ బయటికి వస్తే తూటా మాత్రం ఛాంబర్‌లోనే, అంటే గొట్టంలో అది కూర్చునే చోటే, ఉండిపోతోంది. అప్పుడు ఇక గోళ్ళు కూడా అందవు. మూతి వైపు నుంచి కడ్డీ పెట్టి తోయాలి. ఆ కొనని మళ్ళీ వెల్డింగ్‌తో పెంచి, చేత్తో రాకి, తూటా అంచుకి సరిపోయేట్టు కూర్చోబెట్టేసరికి నాకు నెల పట్టింది.

ఇప్పుడు మీ తుపాకీ సంగతి. గొట్టాల వెనక తూటా అంచుల్ని పట్టుకునే ముక్క నిలువునా రెండుగా చీలి ఉంటుంది చూడండి. కుడి సగం కుడి తూటాది, ఎడమ సగం ఎడమదాన్ది. ముందు చెక్కలో, అదే ఫోరెండ్‌లో, చిన్న సుత్తుల్లాంటివి రెండు, వాటికి స్ప్రింగులు రెండు ఉంటాయి. మీరు ఎడమ ట్రిగ్గర్ నొక్కితే లోపల తూటాని పేల్చే హ్యామర్ పడి, ఎడమ వైపు సన్నటి కడ్డీ ముందుకి జరగడానికి దారి ఇస్తుంది. తుపాకీ తెరిచినప్పుడు ఆ కడ్డీ ఫోరెండ్‌లోని సుత్తిని కదుపుతుంది, సుత్తి వెళ్ళి ఎజెక్టర్ కాడని ఠక్కున కొడుతుంది, ఎంప్టీ ఎగురుతుంది. ట్రిగ్గర్ నొక్కని వైపు ఈ పనేదీ జరగదు కాబట్టి కాల్చని తూటా కొంచెం పైకి లేచి ఆగిపోతుంది. మీ ఎడమ ఎంప్టీ సరిగ్గా అలాగే చేస్తోంది. సుత్తి దెబ్బ పడట్లేదా, దెబ్బ పడుతున్నా తూటా కదలట్లేదా? తేల్చాల్సింది ఈ ఒక్కటే.

దానికి స్నాప్ క్యాప్‌లు రెండు కావాలి. మా వాళ్ళు డ్రిల్ రౌండ్ అనే డమ్మీ తూటా లాంటిదే. తుపాకుల షాపులో దొరుకుతాయి. నిజమైన తూటాల డబ్బా ఇంకో గదిలో పెట్టి తలుపు వెయ్యండి. గొట్టాలు రెండూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలు పెట్టి చూసి, రెండింట్లోనూ స్నాప్ క్యాప్ పెట్టండి. మనుషులు లేని వైపు, గట్టి గోడకేసి తిప్పి కుడి ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి తెరవండి. కుడిది ఎగరాలి, ఎడమది లేచి ఆగాలి. తర్వాత ఎడమ ట్రిగ్గర్. ఆ తర్వాత రెండూ. రెండూ ఒకేసారి లేచి దాదాపు ఒకేచోట పడితే టైమింగ్ బాగున్నట్టు. అసలు ఏ ట్రిగ్గరూ నొక్కకుండా తెరిస్తే ఏదీ ఎగరకూడదు. ఎగిరిందంటే లోపల ఆపే పన్ను అరిగింది, అది షాపు పని.

స్నాప్ క్యాప్ ఎడమ వైపు కూడా చక్కగా ఎగిరితే మీ ఎజెక్టర్‌కి ఏ రోగమూ లేదు. స్నాప్ క్యాప్ ఉబ్బదు, కాల్చిన తూటా ఉబ్బుతుంది. అంటే తూటా ఛాంబర్ గోడని కరుచుకుంటోంది. మూడు నెలలు బీరువాలో చిందీ గుడ్డ కూడా తగలకుండా నిలబడిన తుపాకీకి ఛాంబర్‌లో తుప్పు పట్టడం వింతేమీ కాదు. గొట్టాలు విడదీసి, వెలుతురుకి పెట్టి వెనక నుంచి చూడండి. అద్దంలా ఉండాల్సిన చోట మశూచి మచ్చల్లాంటి గుంటలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. గుంట కంటికి ఆనకపోతే ఎంప్టీ చూడండి. దాని ఒంటి మీద బొటనవేలి గోరు నెమ్మదిగా, అడుగు నుంచి మూతి దాకా నడిపించండి. ఛాంబర్‌లో గుంట ఉన్నచోట ప్లాస్టిక్ మీద చిన్న బొడిపె లేస్తుంది, గోరు అక్కడ తట్టుకుంటుంది. ఎంప్టీ తెమ్మనేది ఇందుకే. ఛాంబర్ తోమడానికి మేం ట్వెల్వ్ బోర్ బ్రష్ వాడం, ఒక సైజు పెద్దదైన టెన్ బోర్ కంచు బ్రష్ వాడతాం (బోర్ అంకె తగ్గితే సైజు పెరుగుతుంది). గొట్టం కంటే ఛాంబర్ వెడల్పు కదా. పైపై తుప్పు, మసి దానికే పోతాయి. గుంటలు లోతుగా ఉంటే మాత్రం మీరు ఎమరీ కాగితం పెట్టకండి, గొట్టాలు పంపించండి.

స్నాప్ క్యాప్ కూడా ఎగరకపోతే అప్పుడు ఎజెక్టర్ వైపు రండి. అప్పుడు కూడా విరిగిందని అనుకోకండి. కాడని వేలితో లాగి చూడండి, కుడిది జారినంత తేలిగ్గా ఎడమదీ జారాలి. కిందటేడు కోనసీమ నుంచి ఒక పెద్దాయన ఇదే ఫిర్యాదుతో వచ్చారు. కాడ బయటికి తీస్తే దాని చుట్టూ గోధుమరంగు బంక, ముదురు బెల్లం పాకంలా తీగ సాగుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత అప్పడాల డబ్బా వాసన. "ఏం నూనె రాస్తున్నారండీ?" అంటే, "ఇంట్లో నువ్వులనూనేనండీ, స్వచ్ఛమైంది" అన్నారు గర్వంగా. స్వచ్ఛమైందే, కానీ ఏళ్ళ తరబడి గాలికి ఆరి వార్నిష్ అయిపోయింది. రాత్రంతా కిరసనాయిల్‌లో నానబెట్టి, పొద్దున గుడ్డతో తుడిచి, గన్ ఆయిల్ ఒక్క చుక్క వేస్తే ఎంప్టీ ఎగిరి నా టీ గ్లాసు దాటి పడింది. ఏ ముక్కా విరగలేదని చెప్తే ఆయన కాస్త నిరుత్సాహపడ్డట్టు కనిపించారు. లండన్ నుంచి స్పేర్ పార్ట్ తెప్పించాలంటానని ఆశపడ్డారేమో.

కాడని పట్టి ఉంచే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది మాస్టారూ. ఇంట్లో ఫ్యాను స్క్రూడ్రైవర్‌తో దాని జోలికి వెళ్ళకండి. ఇంగ్లీషు తుపాకుల స్క్రూ గాడి తల వెంట్రుకలా సన్నగా ఉంటుంది, మా దగ్గర దానికి తగ్గట్టు నూరుకున్న స్క్రూడ్రైవర్లు ఉంటాయి. కాడ జారుతోంది, కానీ దెబ్బ పడట్లేదంటే ఫోరెండ్‌లో ఎడమ స్ప్రింగు విరిగో మెత్తబడో ఉంటుంది. అప్పుడు రండి.

ఇంకొకటి. డబ్బా మీద 70 అన్నారు. గొట్టాలు విడదీసినప్పుడు వాటి కింద చదునుగా ఉన్నచోట ముద్రలు చదవండి. 2½ అంగుళాలు అని ఉంటే మీ ఛాంబర్ 65 మిల్లీమీటర్ల తూటాకి కోసింది. డబ్బా మీద 70 అంటే కాల్చాక మూతి విచ్చుకున్నప్పటి పొడవు. కాల్చకముందు మూతి మడిచి ఉన్నప్పుడు అది 60 లోపే ఉంటుంది, అందుకే ఛాంబర్‌లోకి హాయిగా వెళ్ళిపోతుంది, మనం మోసపోతాం. కాల్చాక మూతి విచ్చుకుని ముందున్న సన్నటి చోటులోకి దూరుతుంది. దారి ఇరుకైతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఎంప్టీ బిగుసుకుంటుంది. పాత గొట్టాలకి అది ఎజెక్టర్ సమస్య కంటే పెద్ద సమస్య. ముద్ర చూసేదాకా ఆ డబ్బా ముట్టుకోకండి.

ప్రశ్న: నాది పాత డబుల్ బ్యారెల్. తెరిస్తే రెండు తూటాలూ కొంచెం పైకి లేస్తాయి గానీ ఎప్పుడూ ఎగరవు. కాల్చినా అంతే, కాల్చకపోయినా అంతే. రెండు ఎజెక్టర్లూ ఒకేసారి పోయాయా? — ఒక పాఠకుడు, అనంతపురం

పోవడానికి అసలు ఉంటేగా! పైన మాస్టారికి చెప్పినట్టు గొట్టాల వెనక ముక్క చూడండి. మధ్యలో చీలిక లేకుండా ఒకే ముక్క రెండు తూటాల్నీ ఎత్తుతుంటే అది ఎక్స్‌ట్రాక్టర్ తుపాకీ. ఎత్తడం వరకే దాని డ్యూటీ, విసరడం దాని పని కాదు. చెడిపోయే సామాను తక్కువ, రేపు పొలంలో ఎంప్టీలు వెతుక్కునే పనీ లేదు. మీ తుపాకీ పనిచేస్తోంది.

ప్రశ్న: రేంజ్‌లో కాల్చి వచ్చి, శుభ్రం చేద్దామని తుపాకీ మూడు ముక్కలుగా విప్పాను. గొట్టాలు బాగానే ఎక్కాయి. ఫోరెండ్ ఎంత నొక్కినా కూర్చోవట్లేదు, వేలెడు సందు ఉండిపోతోంది. రబ్బరు సుత్తితో కొట్టనా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

కొట్టొద్దు బాబూ! కాల్చాక సరిగా కాక్ చెయ్యకుండా, అంటే సుత్తుల్ని వెనక్కి ఎక్కించకుండా, విప్పేశారు. ఫోరెండ్‌లోని సుత్తులు రెండూ పడిపోయి బయటికి పొడుచుకుని ఉన్నాయి, అవే అడ్డం. ఫోరెండ్‌ని తిరగేసి చూస్తే కనిపిస్తాయి. ఒక టేకు చెక్క ముక్క బల్ల అంచున పెట్టి, ఒక్కో సుత్తి కొనని దానికి ఆనించి గట్టిగా వెనక్కి ఒత్తండి. టక్ మని చప్పుడు వచ్చి వెనక్కి కూర్చుంటుంది. స్ప్రింగు బలం ఎక్కువ, వేళ్ళు దాని దారిలో పెట్టకండి. నా ఎడమ చూపుడువేలి గోరు ఒకటి 1990ల్లో ఇలాగే నల్లబడింది. రెండూ కూర్చున్నాక ఫోరెండ్ దానంతటదే ఎక్కుతుంది. ఇకముందు విప్పేటప్పుడు తుపాకీని ఒకసారి పూర్తిగా తెరిచి మూశాకే ఫోరెండ్ తియ్యండి.

ప్రశ్న: అంకుల్, నేను ట్రాప్ షూటర్‌ని (గాల్లో ఎగిరే మట్టి బిళ్ళల్ని కాల్చే పోటీ), సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో ప్రాక్టీస్ చేస్తాను. ఓవర్ అండర్ తుపాకీ, గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మొదటి రెండు రౌండ్లు బాగుంటుంది, మూడో రౌండ్‌కి వచ్చేసరికి కింది గొట్టంలో ఎంప్టీ ఇరుక్కుంటోంది. పై గొట్టం ఎప్పుడూ ఓకే. కొత్త బ్రాండ్ తూటాలు చవగ్గా వస్తున్నాయని మార్చాను. ఇంకో సమస్య, నా ఎంప్టీలు పక్కన నిలబడినవాళ్ళ మీద పడుతున్నాయని కోచ్ తిడుతున్నారు. మ్యాచ్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

టెన్షన్ పడకమ్మా. నీ ఉత్తరంలోనే సగం జవాబుంది. ట్రాప్‌లో ప్రతి టార్గెట్‌కీ మొదటి గుండు కింది గొట్టంలోంచే కాలుస్తావు. తప్పితేనే పైది. రౌండ్‌కి 25 టార్గెట్లు. అంటే మూడో రౌండ్ మొదలయ్యేసరికి కింది గొట్టం 50 కాల్చేసింది, పైది పదో పదిహేనో. నువ్వు బాగా కాలుస్తున్నావు కాబట్టి ఇంకా తక్కువేమో! వేడీ, ప్లాస్టిక్ పొరా, మసీ అన్నీ కింది ఛాంబర్‌లోనే చేరుతున్నాయి.

ఇప్పుడు మీ ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించుకునే అయస్కాంతం ఒకటి తీసుకుని తూటా అడుగున బంగారు రంగులో మెరిసేదాని మీద పెట్టు. అతుక్కుందా? అయితే అది ఇత్తడి కాదు, ఇత్తడి పూత పూసిన ఉక్కు. ఉబ్బిన ఇత్తడి తిరిగి ముడుచుకున్నంత బాగా ఈ ఉక్కు ముడుచుకోదు, అందుకే కొన్ని తుపాకుల్లో ఛాంబర్‌ని పట్టుకుంటుంది. ఉక్కు అడుగు తూటాలన్నీ చెడ్డవని కాదు, నీ ఛాంబర్‌కి అవి పడట్లేదు. అన్ని తుపాకులకీ అన్ని తూటాలూ సరిపడవు. పాత బ్రాండ్ ఒక్క డబ్బా తెచ్చుకుని మూడు రౌండ్లు కాల్చు. రెండో రౌండ్ అయ్యాక ఛాంబర్‌లో బ్రష్ నాలుగుసార్లు తిప్పు, అర నిమిషం పని. అప్పటికీ ఇరుక్కుంటే కింది ఎజెక్టర్ స్ప్రింగు అలిసిపోయి ఉంటుంది. మారిస్తే రెండూ కలిపే మార్చు, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే ఎంప్టీలు చెరో దిక్కున పడతాయి.

కోచ్ తిట్టేదాంట్లో న్యాయముంది. తుపాకీ నెమ్మదిగా తెరువు, అరచెయ్యి గొట్టాల వెనక గొడుగులా పట్టు, ఎంప్టీలు చేతిలోనే పడతాయి. పెద్ద పెద్ద షూటర్లు కూడా అంతే చేస్తారు. చాలామంది పోటీ తుపాకుల్లో ఎజెక్టర్ పని ఆపించేసి, ఎక్స్‌ట్రాక్టర్‌లా వాడుకుంటారు. మ్యాచ్ ముందు మాత్రం అలాంటి మార్పులు పెట్టుకోకు.

ఇదే సందర్భంలో, ఉత్తరంలో నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలలేదనుకో. వెంటనే తెరవకు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. తెరిచాక కూడా జాగ్రత్త. హ్యామర్ పడింది కాబట్టి తూటా పేలిందనుకుంటుంది ఎజెక్టర్, ఆ బతికున్న తూటాని కూడా ఎంప్టీలాగే విసిరేస్తుంది. అది సిమెంటు నేల మీద పడి దొర్లుతుంటే ఎవరో ఒకరు ఎంప్టీ అనుకుని బకెట్‌లో వేస్తారు. తెరిచేటప్పుడు దాని మీద చెయ్యి అడ్డం పెట్టి పట్టుకో, రేంజ్ ఆఫీసర్‌కి ఇవ్వు.

ప్రశ్న: నమస్తే సార్. టెక్సాస్‌లో ఉంటాం, వీకెండ్స్‌లో క్లే షూటింగ్‌కి వెళ్తాను. సెకండ్ హ్యాండ్ పంప్ యాక్షన్ కొన్నాను. కాల్చాక ఎంప్టీ బయట పడకుండా తుపాకీ పక్కనున్న కిటికీలో అడ్డంగా నిలబడిపోతోంది. వీడియోల్లో ఒకరు ఎజెక్టర్ అంటారు, ఒకరు ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. — ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

ముందు పట్టుని వెనక్కి లాగి ముందుకి తోసే పంప్ తుపాకీలో ఈ రెండూ వేరు వేరు చోట్ల ఉంటాయి. పట్టుతో పాటు ముందుకీ వెనక్కీ కదిలే బోల్టు మీద గోరులా వంగి ఉండేది ఎక్స్‌ట్రాక్టర్, తూటా అంచు పట్టుకుని ఛాంబర్‌లోంచి లాగేది అది. రిసీవర్ (బోల్టు కదిలే లోహపు పెట్టె) లోపలి గోడకి ఉండేది ఎజెక్టర్, వెనక్కి వస్తున్న తూటా దానికి తగిలి పక్కకి తిరిగి బయటపడుతుంది. కాబట్టి ఎంప్టీ ఎక్కడ ఆగిందో చూస్తే చాలు. ఛాంబర్‌లోనే ఉండిపోతే గోరునో ఛాంబర్‌నో అనుమానించాలి. మీది ఛాంబర్ దాటి వచ్చింది, అంటే లాగడం జరిగింది, తన్నడం జరగలేదు.

ఇక ఎజెక్టర్‌ని అనేముందు మీ ఎడమచేతిని అడగండి. కొత్తగా పంప్ పట్టినవాళ్ళు ముప్పావు దాకా లాగి మళ్ళీ ముందుకి తోసేస్తారు. ఎంప్టీ ఎజెక్టర్ దాకా వెళ్ళనే వెళ్ళదు. బోరింగ్ పంపు కొట్టినట్టు, చివరిదాకా, కసిగా లాగండి. స్నాప్ క్యాప్‌లతో ఇరవైసార్లు చూడండి. అలా లాగినా నిలబడిపోతే రిసీవర్ లోపల టార్చి వేసి ఎజెక్టర్ కదులుతోందేమో, కొన విరిగిందేమో చూడండి. కొన్ని మోడళ్ళలో అది గోడకి రివెట్ కొట్టి ఉంటుంది. అది మాత్రం అక్కడి గన్‌స్మిత్ పనే.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా వారు పోయి ఐదు నెలలైంది. ఆయన తుపాకీ బీరువాలో ఉంది. అబ్బాయి తీసి చూస్తే తెరుచుకుంది గానీ వెనక ముక్క తుప్పుతో బిగుసుకుపోయి కదలట్లేదట. ఎజెక్టర్ అంటారట దాన్ని. రిపేరుకి ఎంతవుతుంది? పని చేసే స్థితిలో ఉంటే అబ్బాయి పేరు మీదకి మార్చుకోవచ్చని ఎవరో చెప్పారు. — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

అమ్మా, మీకు కలిగిన కష్టానికి బాధపడుతున్నాను. ఎజెక్టర్ సంగతి నిదానంగా చూద్దాం. లైసెన్స్ మీ వారి పేరు మీదది, ఆయనతోనే ఆగిపోయింది. ఇప్పుడు ఆ తుపాకీ ఇంట్లో ఉండకూడదు. ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ ఆలస్యం లేకుండా డిపాజిట్ చెయ్యాలి. ఐదు నెలలైందని భయపడి దాచెయ్యకండి. మరణ ధ్రువపత్రం, లైసెన్స్ పుస్తకం తీసుకుని ముందు మీరు స్టేషన్‌కి వెళ్ళి చెప్పండి, తుపాకీ ఎలా తేవాలో వాళ్ళే చెబుతారు. తూటాలు మిగిలి ఉంటే అవీ లెక్కపెట్టి ఇవ్వాలి. అబ్బాయిని మళ్ళీ దాన్ని తియ్యనివ్వకండి, రిపేరు పేరుతో ఎవరికీ పంపించకండి. లైసెన్స్ లేని తుపాకీని నేను కూడా బల్ల మీద పెట్టనివ్వను.

అబ్బాయి లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. వచ్చాక రిపేరు చూసుకుందాం. తుపాకీ పనిచేస్తేనే పేరు మారుతుందన్నది ఎవరో అన్న మాట, దాన్ని పట్టించుకోకండి. తుప్పుకి బిగుసుకున్న కాడ కిరసనాయిల్‌లో రెండు మూడు రోజులు నానితే మామూలుగా కదులుతుంది. అలా వదిలితే పెద్ద ఖర్చేమీ ఉండదు.

డిపాజిట్ చేసేటప్పుడు గొట్టాలు, ముందు చెక్క, భుజానికి ఆనించే వెనక చెక్క మూడూ ఉన్నట్టు రసీదులో రాయించుకోండి. గొట్టాల మీద నంబరు, లైసెన్స్ పుస్తకంలో నంబరు, రసీదులో నంబరు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే నిలబడి మీ కళ్ళజోడు పెట్టుకుని చదువుకోండి. ఆ రసీదు జిరాక్స్ ఒకటి తీసి బీరువాలో విడిగా పెట్టండి.